పెట్టె అడుగున చిల్లు



దీపావళినాడు అరుగు మీద పెట్టిన ప్రమిద వానకు తడిస్తే ఏమవుతుంది? ఆరిపోతుంది. తుడిచి, కొత్త వత్తి వేసి మళ్ళీ వెలిగించుకుంటాం. నష్టం ఒక గరిటెడు నూనె. విద్యుద్దీపాల సంగతి అలా కాదు. 1882లో న్యూయార్కులో ఎడిసన్ సహచరుడు ఎడ్వర్డ్ జాన్సన్ తన క్రిస్మస్ చెట్టుకు 80 విద్యుద్దీపాలు కట్టాడు. ఆ చెట్టు ఇంట్లోనే ఉన్నది గనక ఆయనకు వానతో పేచీ లేకపోయింది. మనం మాత్రం దీపావళికీ, క్రిస్మస్‌కూ, సంక్రాంతికీ ఎల్.ఇ.డి. తోరణాలు తెచ్చి వీధిలోనే కడతాం.

ఈ తోరణాలకు కంట్రోలరు అని ఒకటి ఉంటుంది. అరచేతిలో పట్టే చిన్న పలక. ఏ దీపం ఎప్పుడు ఎర్రగా వెలగాలో, ఎప్పుడు నీలంగా మారాలో చెప్పేది అదే. బయట వాడే దీపాలను జిగురు పోసి మూసేస్తారు. అవి వానకు ఓర్చుకుంటాయి. కంట్రోలరు ఓర్చుకోదు. దానికొక ఇల్లు కావాలి. ఆ ఇల్లు కట్టటం గురించే ఈ నెల చెబుతాను. అందులో నేను చేసిన పొరపాటు ఒకటి ఉన్నది. దాన్ని ముందుగా చెప్పేస్తాను.

అది 2024 కార్తీకమాసం. మాది సముద్రానికి దగ్గర ఊరు. దీపావళి వెళ్ళినా మాకు ఈశాన్య ఋతుపవనం వెళ్ళదు. మా వీధి పిల్లలు మా ప్రహరీగోడ పొడవునా దీపాలు కట్టారు. తీగలు కలిపింది తొమ్మిదో తరగతి చదివే ఒక కుర్రవాడు. చురుకైనవాడు, మాట తక్కువ. పెట్టె మాత్రం నేను చేశాను, పెద్దవాణ్ణి గదా! గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా తెచ్చి, పైభాగాన చిల్లులు పెట్టి తీగలు దూర్చాను. ఆ చిల్లుల చుట్టూ, మూత చుట్టూ, సందు కనబడిన ప్రతిచోటా సిలికోన్ జిగురు మెత్తాను. "ఇహ చీమ కూడా దూరదు" అన్నాను. నిజమే, చీమ దూరలేదు.

పదోరోజు సాయంత్రం ఒక జల్లు పడి వెలిసింది. దీపాలు రెండుసార్లు మిణుకుమని ఆరిపోయాయి. వీధిలో అందరూ నిలబడి చూస్తున్నారు. నాకు చిన్నతనం వేసింది. "తీగలు సరిగా కలపటం కూడా చేతకాదుట్రా నీకు?" అని ఆ కుర్రవాణ్ణి అందరి ముందూ కేకలు వేశాను. వాడు, "సరిగానే కలిపానండీ మాస్టారూ" అని ఒక్క మాట అని, తల వంచుకుని ఇంటికి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే కరెంటు తీసేసి పెట్టె విప్పాను. అడుగున అంగుళం లోతున నీళ్ళు! కంట్రోలరు అందులో మునిగి ఉన్నది. దాని రాగి కాళ్ళకు పచ్చగా చిలుము పట్టింది. కుర్రవాడు వేసిన ముళ్ళలో ఒక్కటి కూడా ఊడలేదు.

చిలుము ఒక్క రాత్రిలో పట్టదు. ఒక్క జల్లుకు అంగుళం నీళ్ళూ చేరవు. అంటే పది రోజులుగా నా పెట్టె నీళ్ళు తాగుతూనే ఉన్నదన్నమాట. అంత జిగురు మెత్తినా ఎలా తాగింది?

మీరే చూడవచ్చు. ఖాళీ గాజుసీసా ఒకటి మూత లేకుండా మధ్యాహ్నపుటెండలో గంటసేపు పెట్టండి. గుడ్డతో పట్టుకుని, మూతిని పళ్ళెంలోని నీళ్ళలో బోర్లించి నీడకు తీసుకురండి. కాసేపటికి నీళ్ళు తమంతట తామే సీసాలోకి ఎక్కుతాయి. వేడికి వ్యాకోచించి కొంత గాలి ముందే బయటికి పోయింది. మిగిలింది చల్లబడి సంకోచించింది. ఆ లోటు పూడ్చటానికి నీళ్ళు లోపలికి వచ్చాయి. 50 డిగ్రీల గాలి 25 డిగ్రీలకు చల్లారితే దాని ఒత్తిడిలో పదమూడో వంతు తగ్గిపోతుంది. వినటానికి కొంచెమే. కాని నీటిని గొట్టంలో దాదాపు 80 సెంటీమీటర్ల ఎత్తుకు పీల్చటానికి ఆ లోటు చాలు.

ఎండలో కాగిన నా పెట్టె మీద సాయంత్రం చల్లటి జల్లు పడింది. లోపలి గాలి ముడుచుకున్నది. తీగ మీద జిగురు ఎంత మెత్తినా ఎక్కడో వెంట్రుకవాసి సందు ఉండనే ఉంటుంది. సరిగ్గా ఆ సందు దగ్గరే, తీగ వెంబడి జారివచ్చిన వాననీరు నిలిచి ఉన్నది. పెట్టె గుటుక్కున తాగేసింది.

ఇంకో దొంగదారి కూడా ఉన్నది. చాలా తీగల లోపల ఒక్క రాగికడ్డీ ఉండదు, వెంట్రుకల్లాంటి పోగులు మెలివేసి ఉంటాయి. ప్రమిదలో నూనె వత్తి పట్టుకుని పైకి పాకుతుంది గదా, సరిగ్గా అలాగే తడిసిన తీగ కొసనించి నీరు ఆ పోగుల మధ్యగా పాకి పెట్టెలోకి వస్తుంది. పైతొడుగు మీద ఎంత జిగురు పూసినా దీన్ని ఆపలేదు.

వాన లేనినాడు మంచు పనిచేస్తుంది. 30 డిగ్రీల దగ్గర ఘనమీటరు గాలి 30 గ్రాముల ఆవిరిని మోయగలదు. 20 డిగ్రీల దగ్గర 17 గ్రాములే మోస్తుంది. పది లీటర్ల పెట్టెలో ఆ తేడా రెండు మూడు చుక్కలు మాత్రమే. కాని రోజూ కొత్త తేమగాలి పీల్చి, రాత్రి రెండు చుక్కలు రాల్చి, పొద్దున మళ్ళీ పీలిస్తే?

ఇదంతా తెలుసుకున్నాక ఆ మధ్యాహ్నం కుర్రవాడి ఇంటికి వెళ్ళాను. ముప్ఫయ్యేళ్ళు పంతులుగా ఉన్నవాడికి "తప్పు నాదిరా" అనటానికి నోరు అంత తేలిగ్గా తిరగదు. అన్నాను. సాయంత్రం పిల్లలందరి ముందూ మళ్ళీ అన్నాను. వాడు పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసి, "నీళ్ళు లోపలికి వచ్చాయి సరే, బయటికి ఎందుకు పోలేదండీ?" అని అడిగాడు.

ఎందుకు పోతాయి? పోయే దారులన్నీ నేనే మూశాను గదా!

రెండో పెట్టె ఆ ప్రశ్నలోనించి పుట్టింది. తీగలన్నీ అడుగునించే లోపలికి వెళతాయి. ప్రతి తీగా ఉయ్యాలతాడులాగా పెట్టెకన్న కిందికి వేలాడి, మళ్ళీ పైకి లేచి లోపలికి పోతుంది. దాని వెంట వచ్చిన నీరు ఆ వంపు దగ్గరే బొట్లుబొట్లుగా రాలిపోతుంది. ఇంత చవకైన ఉపాయం ఇంకొకటి లేదు. చిల్లులకు జిగురు బదులు కేబుల్ గ్లాండ్లు బిగించాం. మర తిప్పినకొద్దీ లోపలి రబ్బరు ఉంగరం తీగను పట్టుకుంటుంది. ఒక్కొక్క గ్లాండులో గుండ్రటి తీగ ఒక్కటే పెట్టాలి. మూడు సన్నతీగలు కలిపి దూరిస్తే వాటి మధ్య సందు మిగిలిపోతుంది. తీగల కొసలను కలిపే జోళ్ళు వానలో మూతి పైకి పెట్టి వేలాడకుండా చూశాం.

పలకను పెట్టె అడుగున పడుకోబెట్టకుండా గోడవైపు నిలబెట్టి మరలు బిగించాం. పెట్టెను ఎండ పడని చోట, చూరు కింద, నేలకు మూరెడు ఎత్తున తగిలించాం.

ఇక అడుగున, అన్నిటికన్న పల్లంలో, 5 మిల్లీమీటర్ల చిల్లు పెట్టాం. మరీ సన్నగా ఉంటే నీటిచుక్కే బిరడాలాగా పట్టుకుని నిలిచిపోతుంది. చిల్లు మీద లోపలివైపు దోమల జాలీ ముక్క అంటించాం, లేకపోతే చీమలు కాపరం పెడతాయి. చిల్లులోనించి తేమ లోపలికి రాదా అంటారేమో. వస్తుంది, వచ్చినట్టే పోతుంది. పైగా గాలి తేలిగ్గా వచ్చిపోయే దారి ఒకటి ఉంటే పెట్టె సందులగుండా నీటిని పీల్చదు. 1969లో అమెరికాలో రాబర్ట్ గోర్ టెఫ్లాన్‌ను చటుక్కున సాగదీసి, గాలిని పోనిచ్చి నీటిచుక్కను ఆపే పొర ఒకటి కనిపెట్టాడు. అలాంటి పొర ఉన్న బిరడాలు కూడా అమ్ముతున్నారు. అయితే అవి నిలిచిన నీటిని బయటికి పంపలేవు. మా ఊరి వానకు నాకు చిల్లే నచ్చింది.

కొన్న పెట్టెల మీద ఐ.పి. 65 అని రాసి ఉంటుంది. మొదటి అంకె దుమ్ముకు, రెండోది నీటికి. 6 అంటే దుమ్ము బొత్తిగా దూరదని, 5 అంటే గొట్టంతో నీళ్ళు చిమ్మినా తట్టుకుంటుందని అర్థం. కాని మీరు ఆ పెట్టెకు మీ చేత్తో చిల్లు పెట్టిన క్షణాన ఆ మాట చెల్లిపోతుంది. ఇక పూచీ మీదే.

పెద్దవాళ్ళకు ఒక మాట. ఇంటి కరెంటు 230 వోల్టులది. దాన్ని 12 వోల్టులకు తగ్గించే అడాప్టరు ఇంట్లోనే, పొడిగా ఉండాలి; పెట్టెకు వచ్చేది ఆ 12 వోల్టులే కావాలి, దారిలో ఒక ఫ్యూజు ఉండాలి. ఆ ప్లగ్గుకు కరెంటు వచ్చే దారిలో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఉన్నదో లేదో ఎలక్ట్రీషియనుచేత చూపించండి. తడిసిన ఇనపగేటుకు కరెంటు పాకితే అది నిజంగా ప్రాణం మీది సంగతి. పిల్లలు ప్లగ్గు జోలికి పోనే కూడదు.

కంట్రోలరు లోపల పెట్టకముందే పెట్టెకు పరీక్ష పెట్టాం. ఒక తెల్లకాగితం మీద సిరాతో వరసగా చుక్కలు పెట్టి లోపల పరిచాం. పెట్టెను గంటసేపు ఎండలో కాగనిచ్చి, దాని మీద మొక్కలకు పోసే డబ్బాతో చల్లటి నీళ్ళు పోశాం. అసలు పరీక్ష అదే. చల్లగా ఉన్న పెట్టె మీద ఎన్ని బిందెలు పోసినా తప్పు బయటపడదు. విప్పి చూస్తే మూలనున్న రెండు చుక్కలు పాకి నీలంగా అలికేసి ఉన్నాయి. ఆ మూల మూతకింది రబ్బరు మెలిపడింది. సరిచేసి మళ్ళీ పోశాం. ఈసారి ఒక్క చుక్క కూడా చెదరలేదు.

కార్తీకపౌర్ణమికి దీపాలు వెలిగాయి. డిసెంబరులో క్రిస్మస్‌కు అదే పెట్టెను మా ఊరి చర్చివాళ్ళు అడిగి తీసుకున్నారు. జనవరిలో తిరిగి వచ్చింది. విప్పితే లోపల పొడిగానే ఉన్నది, కాని అడుగున చిల్లు కనబడలేదు! ఎవరో పుణ్యాత్ములు, పాపం పెట్టె చిల్లిపడిందనుకుని, ఎంసీల్ పెట్టి నున్నగా పూడ్చారు. కుర్రవాడు మేకుతో దాన్ని ఓపిగ్గా తొలిచి, పెట్టె మీద తెల్లరంగుతో రాశాడు: "అడుగు చిల్లు మూయరాదు."