గడీ వెనుక పుట్టిన బిడ్డకు వాటా ఏదీ?

2022 జూలైలో కాకతీయ వైభవ సప్తాహానికి బస్తర్ నుంచి కమల్ చంద్ర భంజ్ దేవ్ వరంగల్ వచ్చారు. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనలకు చిక్కాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు గోదావరి దాటి వెళ్లి దంతెవాడ ప్రాంతంలో రాజ్యం నిలబెట్టాడనీ, తాము ఆయన వారసులమనీ చెప్పుకునే రాజకుటుంబం వారిది. మా ఊరు ఆయన్ను ఇంటి మనిషిలా పిలుచుకుంది. నాకూ సంతోషం కలిగింది.

ఆ వంశవృక్షాన్ని వకీలు కళ్లతో చూస్తే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. గణపతిదేవుడు కూతుర్ని కొడుకులా పెంచి, రుద్రదేవుడని మగపేరు పెట్టి గద్దెనెక్కించాడు. రుద్రమకూ మగపిల్లలు లేరు. కూతురు ముమ్మడమ్మ కన్న ప్రతాపరుద్రుణ్ని దత్తత చేసుకుని ఆమె పట్టం కట్టింది. అక్కడ బస్తర్‌లో కూడా అంతే. ప్రఫుల్ల కుమారీ దేవి స్వయంగా రాణిగా ఏలి, 1936లో లండన్‌లో కన్నుమూసింది. ఆమె భర్త మయూర్‌భంజ్ రాజకుటుంబీకుడు, ఇప్పటి వారసుల ఇంటిపేరు ఆయన వైపు నుంచి వచ్చిందే. ఇన్ని మలుపులున్నా మా ఊరు ఆ వంశాన్ని ప్రశ్నించలేదు, ప్రశ్నించాల్సిన పనీ లేదు.

గద్దెకు మనిషి కావలసినప్పుడల్లా ఆచారం ఏదో ఒక దారి చూపింది. అదే ఆచారం, దిక్కులేని తల్లి కన్న బిడ్డ తండ్రి వాకిట్లో నిలబడితే తలుపేసుకుంది. హనుమకొండ అదాలత్‌లో నల్లకోటు వేసుకున్ననాటి నుంచి నేను చూస్తున్నది ఈ రెండోదే.

పెళ్లికి బయట పుట్టిన పిల్లల సంగతి మన శాస్త్రాలకు తెలియనిది కాదు. భారతం నిండా వాళ్లే. కర్ణుడు కన్నెతల్లి బిడ్డ. విదురుడు దాసి కొడుకు. యుయుత్సుడి గురించి తక్కువమంది మాట్లాడుకుంటారు. ధృతరాష్ట్రుడికి పరిచారిక కన్న కొడుకతడు. నూరుగురూ పోయాక మిగిలినవాడు. పాండవులు రాజ్యం వదిలి వెళ్తూ పరీక్షిత్తు బాధ్యతను అప్పగించింది అతనికే.

ఇక ధర్మశాస్త్రం. విజ్ఞానేశ్వరుడు మితాక్షర రాసింది కల్యాణి చాళుక్యుడు ఆరో విక్రమాదిత్యుడి ఆస్థానంలో. ఆ చాళుక్యులకు సామంతులుగా ఉంటూనే మన కాకతీయులు అనుమకొండలో వేళ్లూనుకున్నారు. యాజ్ఞవల్క్యుడి మాటకు మితాక్షర చెప్పిన అర్థం ప్రకారం, నాలుగో వర్ణంవారిలో దాసికి పుట్టిన కొడుకుకు తండ్రి బతికుండగా ఆయన ఇష్టాన్ని బట్టి వాటా దక్కుతుంది. తండ్రి పోయాక అన్నదమ్ములు తమ వాటాలో సగం ఇవ్వాలి. పై మూడు వర్ణాల్లో పుట్టినవాడికి మాత్రం తిండీ బట్టే. కాకతీయుల శాసనాలు చాలావాటిలో వారిది చతుర్థ కులమేనని ఉంది, దాన్ని వాళ్లు దాచుకోలేదు. ఆ లెక్కన ఓరుగల్లు రాజుకు దాసి వల్ల కొడుకు పుట్టి ఉంటే, కనీసం పుస్తకంలోనైనా వాడికొక హక్కు ఉండేది. కూతురు పుట్టి ఉంటే అదీ లేదు.

ప్రతాపరుద్రుడి ఉంపుడుగత్తె మాచల్దేవి పేరు మనకు క్రీడాభిరామం వల్ల మిగిలింది. ఓరుగల్లు నగరంలో ఆమె చిత్రశాల ఎంతో గొప్పదట. కోటలో తోరణాల దగ్గరికి బంధువుల పిల్లల్ని తీసుకెళ్లినప్పుడల్లా రుద్రమ కథతో పాటు ఆమె పేరు కూడా చెప్తాను. రాణులు కానివాళ్లు కూడా ఆ కోటలో బతికారని పిల్లలకు తెలియాలి.

శాస్త్రం ఎవరి అవసరానికి ఎలా వంగుతుందో చూడాలంటే తంజావూరు చూడాలి. తెలుగు సాహిత్యానికి కొలువైన ఊరది. కవయిత్రి ముద్దుపళని ఉన్నది అక్కడే, రాజు ప్రతాపసింహుడి కాలంలో. 1739 నుంచి 1763 దాకా ఏలిన ఆ ప్రతాపసింహుడు, రాజు తుకోజీకి పెళ్లాడని స్త్రీ వల్ల పుట్టినవాడు. అంతకుముందు పట్టాభిషిక్తులైనవాళ్లు ఒకరి తర్వాత ఒకరు పోయారు, పడిపోయారు. పాలించగలవాడు కావాలి, ఇతను ఉన్నాడు. అంతే, పుట్టుక సంగతి పక్కకు పోయింది. రాజుకు బదులు ఆయన కత్తితో పెళ్లి జరిపించి తెచ్చుకున్న స్త్రీలు ఆ కోటలో ఎంతోమంది ఉండేవారు. వాళ్ల పిల్లలు రాజు పిల్లలే, కానీ అవసరం పడేదాకా కారు.

అదే ఇంట్లో మరో తరం గడిచేసరికి కథ తిరగబడింది. 1787లో రాజు తుళజాజీ పోతూపోతూ శరభోజీ అనే పిల్లవాణ్ని దత్తత చేసుకున్నాడు. కుంపెనీవారు పండితుల్ని పిలిపించి అడిగితే ఆ దత్తత చెల్లదని చెప్పారు. ప్రతాపసింహుడికి పెళ్లికి బయట పుట్టిన అమరసింహుడు గద్దెనెక్కాడు. కొన్నేళ్లు పోయాక కుంపెనీవారే మళ్లీ పండితుల్ని అడిగారు. ఈసారి దత్తత చెల్లుతుందన్నారు, అమరసింహుడి పుట్టుక లోపమైంది. 1798లో శరభోజీ రాజయ్యాడు. 1799లో రాజ్యపాలన మొత్తం కుంపెనీ చేతికి రాసిచ్చాడు. శాస్త్రం అదే, పండితులు చెప్పిన జవాబులు రెండు. ఆ ఇంట్లో ఎవరు కొడుకు, ఎవరు కాదు అన్నది చివరికి తేల్చింది కుంపెనీ దొరలు.

విజయనగర చక్రవర్తి వెంకటపతిరాయల ఇంట్లో జరిగింది ఇంకా దారుణం. పిల్లల్లేని ఒక రాణి, గొబ్బూరి జగ్గరాయుడి ఇంటి ఆడపడుచు, కడుపుతో ఉన్నట్టు నటించి ఒక బ్రాహ్మణ స్త్రీ బిడ్డను తన బిడ్డగా చూపించిందని బరాదాస్ అనే పాద్రి 1616లో రాసిన ఉత్తరంలో ఉంది. రాయలకు సంగతి తెలుసట, రాణి మీద ప్రేమతో ఊరుకున్నాడట. 1614లో ఆయన పోతూ అన్న కొడుకు శ్రీరంగరాయలకు రాజ్యం ఇచ్చాడు. జగ్గరాయుడు ఒప్పుకోలేదు. శ్రీరంగరాయల్ని, భార్యాబిడ్డలతో సహా వెల్లూరులో చంపించాడు. వెలుగోటి యాచమనాయుడు ఒక చాకలివాడి సాయంతో ముందే బయటికి తెప్పించిన రాముడనే పిల్లవాడొక్కడే మిగిలాడు. తోపూరు యుద్ధంలో జగ్గరాయుడు చచ్చాడు, సామ్రాజ్యం మళ్లీ లేవలేదు. యాచముడిది మన కాకతీయుల కొలువులో సేనానులుగా ఎదిగిన రేచర్ల వంశం. అతని ధైర్యం గురించి గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. కానీ ఆ బ్రాహ్మణ స్త్రీ బిడ్డను చరిత్ర పుస్తకాలు దొంగవారసుడనే పిలుస్తుంటే నాకు మనసు ఒప్పదు. దొంగతనం చేసింది ఉయ్యాల్లో ఉన్నవాడా?

లోకమంతా ఇంతే. 1066లో ఇంగ్లండును గెలిచిన విలియం పెళ్లికి బయట పుట్టినవాడు. గెలిచాడు కాబట్టి రాజు. రెండో చార్లెస్ కొడుకు మన్మత్ డ్యూక్ ఓడాడు, 1685లో తల తెగింది. ఈ కాలంలో చెప్పుకోదగ్గది బెల్జియం. మాజీ రాజు రెండో ఆల్బర్ట్ తన తండ్రేనని డెల్ఫీన్ అనే కళాకారిణి 2013లో కోర్టుకెక్కింది. డీఎన్‌ఏ పరీక్షకు నమూనా ఇవ్వనంటే రోజుకు 5,000 యూరోల జరిమానా అని 2019లో కోర్టు చెప్పింది. 2020 జనవరిలో ఆయన ఒప్పుకున్నాడు. ఆ అక్టోబరులో ఆమె రాకుమారి అయింది. అక్కడ అడిగినవాళ్లకూ ఇవ్వాల్సినవాళ్లకూ ఒకటే చట్టం. నాకు కావలసిందీ అదే.

ఎందుకంటే మా జిల్లాలో రాజులంటే కోటలోవాళ్లే కాదు. నిజాం కాలంలో ఊరూరా గడీ ఉండేది, ఆ ఊరికి దొరే రాజు. దొర బిడ్డ పెళ్లయి అత్తారింటికి పోతుంటే పెట్టె బేడాతో పాటు ఆడబాపలనే దాసీల్ని పంపేవాళ్లు. పెళ్లికూతురికి పనిచేయడానికన్నది పేరు, పెళ్లికొడుకు ఇంటి మగవాళ్ల పాలబడటం నిజం. పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాటం గురించి రాసినప్పుడు ఈ దురాచారాన్ని దాచకుండా చెప్పారు. ఆ ఆడబాపలకు పిల్లలు పుట్టారు. దొర ముక్కూ దొర నుదురూ పెట్టుకుని, దొర పశువుల్ని కాస్తూ పెరిగారు. ఊరంతటికీ తెలుసు, ఒక్క పట్వారీ దస్తరానికి తప్ప.

గడీలు కూలిపోయాయి, ఈ కథ పోలేదు. వర్ధన్నపేట వైపు ఒక ఊరి నుంచి ఒక అబ్బాయి నా దగ్గరికి వచ్చాడు. తల్లి ఒక పెద్ద రైతు ఇంట్లో పనిచేసేది. పెళ్లి కాలేదు, కానీ ఆ రైతు ఆమెకొక గుడిసె వేసిచ్చి, ఆమె కొడుకును కొడుకా అనే పిలిచాడు. ఆయన పోగానే పెద్దింటి కొడుకులు పాసుపుస్తకాలు తమ పేర్ల మీద చేయించుకున్నారు. "నాకు వాళ్ల ఇంటిపేరు వద్దు మేడం. మా అమ్మ పత్తి వేసిన రెండెకరాలు కావాలె" అన్నాడు. చట్టం వాడికి ఏమీ ఇవ్వదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. చెప్పక తప్పలేదు.

చట్టంలో ఉన్నది ఇది. ఇలాంటి బిడ్డకు మనోవర్తి ఉంది, అది సాధారణంగా మేజరయ్యేదాకా. 1956 హిందూ వారసత్వ చట్టం మూడో సెక్షన్ ప్రకారం ఇలాంటి పిల్లలు తల్లికీ, తమలో తమకూ మాత్రమే బంధువులు. తండ్రికి కారు. తండ్రి వీలునామా రాయకుండా పోతే వాళ్లకు గజం భూమి రాదు. మితాక్షర ఇచ్చిన ఆ కొద్దిపాటి వాటా కూడా 1956తో పోయింది. తొమ్మిది వందల ఏళ్ల కిందటి గ్రంథం ఎంతో కొంత ఇచ్చినదాన్ని స్వతంత్ర భారతం తీసేసుకుందంటే నాకు సిగ్గుగా ఉంటుంది.

1955 వివాహ చట్టం పదహారో సెక్షన్ కొందరిని కాపాడింది. పెళ్లంటూ ఒకటి జరిగి, అది చట్టం ముందు చెల్లకపోతే, ఆ పెళ్లికి పుట్టిన పిల్లలు తల్లిదండ్రుల ఆస్తికి హక్కుదారులే. ఉమ్మడి ఆస్తిలో తండ్రికి వచ్చే వాటాలో కూడా వాళ్లకు భాగముందని 2023 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. మంచి తీర్పు. కానీ అసలు పెళ్లే జరగని తల్లి బిడ్డ బయటే ఉండిపోయాడు. అంటే భార్య ఉండగా రెండో ఆమె మెడలో పసుపుతాడు కట్టినవాడి బిడ్డకు వాటా వస్తుంది, పనిమనిషికి అది కూడా కట్టనివాడి బిడ్డకు రాదు. ఎక్కువ అన్యాయానికి గురైన తల్లి బిడ్డకే తక్కువ రక్షణ.

పెళ్లాడిన ఇల్లాలి సంగతేమిటని అడుగుతారు. నా దగ్గరికి ఆమె కూడా వస్తుంది. ఆమె కోపం న్యాయమైనది, ఆమె వాటాలో ఒక్క గుంట కూడా తగ్గకూడదు. తండ్రి భాగంలో పిల్లలకు చెందేది పిల్లలంతా పంచుకోవాలంటున్నాను, అంతే. దొంగ దావాలు పెరుగుతాయన్న భయానికి జవాబుగా డీఎన్‌ఏ పరీక్ష ఉంది. సమాజం ఒప్పుకోదంటే మాత్రం నేను నమ్మను. కోయల కథలో సమ్మక్క అడవిలో దొరికిన పసిపాప. ఎవరు కన్నారో అడగకుండానే రెండేళ్లకోసారి మేడారం గద్దెల దగ్గర లక్షలమంది బెల్లాన్ని బంగారంగా సమర్పించుకుంటున్నారు.

ఢిల్లీ కోసం ఎదురుచూడాల్సిన పని కూడా లేదు. వారసత్వం ఉమ్మడి జాబితాలోని అంశం. ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కును ఎన్టీఆర్ ప్రభుత్వ కాలంలో, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా మన శాసనసభ ఇచ్చింది. కేంద్రం అదే పని చేయడానికి 2005 దాకా పట్టింది. ఇప్పుడు మూడో సెక్షన్‌లో తల్లి పక్కన తండ్రిని కూడా చేర్చాలి. పితృత్వం రుజువైన బిడ్డ తండ్రికి కూడా బంధువేనని ఒక వాక్యం, ఇల్లాలి వాటా తగ్గదని మరో వాక్యం. తెలంగాణ శాసనసభ ఆ సవరణ చేసి రాష్ట్రపతి ఆమోదానికి పంపాలి. వరంగల్ నుంచి ఎన్నికైన సభ్యుల్లో ఎవరు ముందుకొచ్చినా ముసాయిదా రాసివ్వడానికి నేను సిద్ధం.