తీర్మానం అందరిదీ, తాళంచెవి ఒకరిదీ

పల్లెలో మహిళా సంఘం సమావేశం ముగిసేముందు మినిట్స్ పుస్తకం తెరుస్తారు. రాసింది పైకి చదువుతారు. “నేనన్నది అది కాదు” అని ఎవరైనా అంటే అక్కడికక్కడే కొట్టేసి దిద్దుతారు. ఆ తర్వాతే సంతకాలు, వేలిముద్రలు. పొదుపు సంఘాల పంచసూత్రాల్లో పుస్తకాలు సక్రమంగా రాయడం కూడా ఒకటి. ఈ పద్ధతి ప్రతి ఊళ్లోనూ నిక్కచ్చిగా నడుస్తోందని కాదు. కానీ దాని వెనక ఒక హక్కు ఉంది. నా పేరున రాసిన మాటను వినే హక్కు, తప్పయితే దిద్దించే హక్కు. అక్షరాలు రాని స్త్రీకి కూడా ఆ హక్కు ఉంది.

మరి ఈ హక్కుల గురించి ఊరూరా చెప్పే మన సంస్థలు చేస్తున్నదేమిటి? 2020లో కోవిడ్ వచ్చాక మన సమావేశాలు ఆన్‌లైన్‌కు మారాయి. రోగం తగ్గినా ఖర్చు కలిసొస్తోందని చాలావరకు అలాగే ఉండిపోయాయి. మీటింగు జరుగుతుండగా ఆఫీసులో ఒకరు కంప్యూటర్ మీద నోట్సు రాస్తారు. ఆ లింకు గ్రూపులో పెడతారు. “అందరూ చూసి రెండు రోజుల్లో సవరణలు చెప్పండి, చెప్పకపోతే ఆమోదించినట్టే” అంటారు. ఈ “అందరూ” ఎవరు?

డోర్నకల్ దగ్గరి ఒక తండా నుంచి ఒక కార్యకర్త ఈ మీటింగులో చేరిందనుకుందాం. మీటింగు లింకు ఆమెకు వాట్సాప్‌లో వచ్చింది. నోట్సు మాత్రం ఈమెయిల్‌లో ఆహ్వానం అందినవారికే తెరుచుకుంటుంది. ఆమె నొక్కితే “మీకు అనుమతి లేదు, అనుమతి అడగండి” అని వస్తుంది. అడిగితే ఆ అభ్యర్థన నోట్సు తయారుచేసిన వారి మెయిల్‌కు పోతుంది. ఫోనులో ఉన్న జీమెయిల్ ఖాతా కొడుకుదైతే అడిగినట్టు పడేది కొడుకు పేరే. ఈ అబ్బాయెవరో అనుకుని అటువైపు వాళ్లు వదిలేస్తారు. ఈలోగా రెండు రోజులూ గడిచిపోతాయి. ఆమె ఆమోదించినట్టే!

డోర్నకల్ జంక్షన్‌లో రైలెక్కి హైదరాబాదు వచ్చి కూర్చున్న రోజుల్లో బోర్డు మీద రాసిన చార్టు ఆమె కళ్లెదుటే ఉండేది. పక్కనున్న అక్కను అడిగి చదివించుకునేది. ఇప్పుడు ఆ పాటి వీలు కూడా లేదు.

ఇది చిన్న సాంకేతిక లోపమని కొట్టిపారేయొద్దు. దీనివల్ల పోయేదేమిటో చూడండి. డోర్నకల్ నుంచి బయ్యారం వైపు వెళ్తే పోడు భూముల సమస్య ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం పెళ్లయినవారికి ఇచ్చే హక్కుపత్రం భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలి. “పట్టాలో నా పేరు రాయలేదు” అని ఒక స్త్రీ సగం గోర్ బోలీలో, సగం తెలుగులో మీటింగులో చెప్పుకుంటుంది. ఇంగ్లీషు నోట్సులో అది “ల్యాండ్ ఇష్యూస్ చర్చించాం” అన్న ఒక్క ముక్కగా మారుతుంది. చట్టం ఇచ్చిన హక్కు, దాన్ని ఎగ్గొట్టిన అన్యాయం, ఆమె అడిగిన డిమాండు, మూడూ మాయం. ఆ నోట్సు ఆధారంగానే కలెక్టరుకు వినతిపత్రం తయారవుతుంది. ఫండింగ్ సంస్థకు వెళ్లే రిపోర్టులో మాత్రం ఆమె “పాల్గొన్నవారి సంఖ్య”లో ఒక అంకె.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15-49 ఏళ్ల స్త్రీలలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవారు 26.5 శాతమే. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి, నిజమే. కానీ వీడియో చూడగలగడం వేరు, సొంత ఖాతాతో ఒక డాక్యుమెంటు తెరిచి సవరణ రాయగలగడం వేరు. ఫోను చేతిలో ఉన్నంత మాత్రాన ఆ ఫోను ఆమెదని కూడా అనుకోలేం.

చూపు లేని మన సహచరుల సంగతి మరీ అన్యాయం. వారి ఫోను తెలుగు అక్షరాల్ని పైకి చదివి వినిపించగలదు. కానీ మనం పంపేది కాగితాన్ని ఫోటో తీసిన పీడీఎఫ్. లేదా పత్రికల కోసం వాడే పాత అను ఫాంట్లలో కొట్టిన ఫైలు. యూనికోడ్‌లోకి మార్చకుండా పంపితే అది చూపున్నవారి ఫోనులో కూడా పిచ్చిగీతలే. 2016 వికలాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ సమాచారం అందరికీ అందే రూపంలో ఉండేలా చూడమని ప్రభుత్వాన్ని ఆదేశించింది. కళ్లు ఆర్పి చూపమనే డిజిటల్ కేవైసీని పూర్తి చేయలేకపోయిన యాసిడ్ దాడి బాధితులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. డిజిటల్ సౌకర్యాలు అందుబాటులో ఉండటం జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న ఆ కోర్టు తీర్పు చెప్పింది. ప్రభుత్వాన్నీ బ్యాంకులనూ నిలదీయడానికి ఈ తీర్పు చూపించే మనం, మన నోట్సు దగ్గర దాన్ని ఎందుకు మరచిపోతున్నాం?

“లింకు అందరికీ తెరిస్తే బాధిత స్త్రీల వివరాలు బయటపడవా?” అని కొందరు అడుగుతారు. భయం సరైనదే, దానికి చూపించే మందే తప్పు. హింస కేసుల్లో పేర్లు, ఊళ్లు, ఫోను నంబర్లు సమావేశం నోట్సులో ఉండనే కూడదు. తాళం వేసినా సరే, ఇరవైమందికి తెరుచుకునే కాగితం రహస్యం కాదు. కేసు వివరాలు ఆ కేసు చూసే వారి దగ్గర విడిగా ఉండాలి. వాటిని సాకుగా చూపి తీర్మానాలకు తాళం వేయడం కుదరదు.

చేయాల్సినవి పెద్ద ఖర్చుతో కూడినవేమీ కావు. మీటింగుకు ముందే నోట్సును “లింకు ఉన్న ఎవరైనా చూడవచ్చు” అనే ఏర్పాటులో పెట్టాలి. ఏ ఖాతా లేని ఫోనులో తెరిచి పరీక్షించాలి. యూనికోడ్ తెలుగులో, తీర్మానాలు మొదట వచ్చేలా రాయాలి. చివరి పది నిమిషాలు వాటిని పైకి చదవడానికే కేటాయించాలి. అదే పాఠాన్ని వాయిస్ మెసేజ్‌గా తెలుగులో, అవసరమైన చోట గోర్ బోలీలో గ్రూపుకు పంపాలి. సవరణను కూడా వాయిస్‌గా తీసుకోవాలి. దిద్దిన నోట్సును మళ్లీ వినిపించాలి. మౌనాన్ని ఆమోదంగా రాసుకునే పద్ధతిని వెంటనే మానాలి. పెళ్లి విషయంలో, ఆస్తి విషయంలో ఆడపిల్ల మౌనాన్ని అంగీకారం అనకూడదని ఇన్నేళ్లుగా వాదిస్తున్నది మనమే కదా!

1992లో నెల్లూరు జిల్లా స్త్రీలు సారాపై తిరగబడినప్పుడు వాళ్లకు అండగా నిలిచినవాటిలో అక్షరాస్యతా తరగతులు ఒకటి. తమ బతుకు తమ భాషలో చదువుకోగలిగిన స్త్రీలు ఏం చేయగలరో రాష్ట్రమంతా చూసింది. ఆ ఉద్యమాన్ని సభల్లో తలచుకుంటూ, నేటి తండా స్త్రీకి తన మాటే తనకు తెరుచుకోని లింకుగా పంపడం సిగ్గుచేటు.

డోర్నకల్‌లో గానీ, మరోచోట గానీ పనిచేస్తున్న అక్కచెల్లెళ్లకు ఒక మాట. మీకు తెరుచుకోని నోట్సులో మీ పేరు “హాజరు” కింద ఉంటే అభ్యంతరం చెప్పండి. చదివి వినిపించేదాకా ఆ తీర్మానం చెల్లదని చెప్పండి. ఆఫీసుల్లో కూర్చున్న మనం ఆ అభ్యంతరాన్ని నోట్సులో మొదటి వాక్యంగా రాసుకుందాం.