బ్యాగు మీద ఎవరి ఫొటో? పలక మీద ఎవరి పేరు?



దబీర్ అంటే ఫారసీ భాషలో రాతగాడు. దర్బారులో ఫర్మానాలు రాసేటోడు, లెక్కలు రాసేటోడు. ఆ మాటే మన దబీర్‌పురా పేరులో ఉన్నది. పాత షహరు గోడ కూలిపోయింది. దర్వాజాల్లో ఇప్పటికి మిగిలినవి రెండే. పురానాపూల్ దర్వాజ ఒకటి, మన దబీర్‌పురా దర్వాజ ఒకటి. రాతగాళ్ల పేరు మోస్తున్న ఈ దర్వాజ పక్కనుంచే మన బస్తీ పిల్లలు రోజూ బడికి పోతున్నారు. వాళ్లలో ఐదో తరగతి చదివే పిల్లకు కన్నతల్లి పేరు రాయరాలేదు. ఈ మాట సిగ్గుతో రాస్తున్నాం. ఎందుకంటే ఆ పిల్ల మన పిల్ల.

సంగతి ఎట్లా బయటపడ్డదో చెప్తాం. జూన్‌లో బడులు తెరుస్తారు. బడులతోపాటు దాతలూ బయలుదేరుతారు. పోయిన ఏడాది మా సాయంకాలపు బడికి ఒక దాత వచ్చాడు. ఆయన పేరు రాయం. తప్పు ఆయన ఒక్కడిదే కాదు, అట్లాంటోళ్లు ఊరూరా ఉన్నారు. ఫ్లెక్సీ కట్టారు. ప్రతి బ్యాగు మీదా ఆయన ఫొటో అచ్చువేశారు. పిల్లల్ని ఎండలో వరుసగా నిలబెట్టారు. బ్యాగు తీసుకున్నోళ్లు రిజిస్టరులో తన పేరు, తల్లి పేరు రాయాలన్నారు. ఐదో తరగతి పిల్ల పెన్ను పట్టుకొని అట్లనే నిలబడిపోయింది. పక్కనున్న మనిషి నవ్వి, "ఏం పర్వాలే, వేలిముద్ర వెయ్యి" అన్నాడు. స్టాంపు ప్యాడు వాళ్లు ముందే తెచ్చుకున్నారు!

మా తాతల బొటనవేలు దొర అప్పుకాగితం మీద పడ్డది. ఈ బిడ్డ బొటనవేలు పుస్తకాల బ్యాగు రిజిస్టరు మీద పడ్డది. తేడా ఏమున్నది?

ఆ రాత్రి మాలో మాకే పంచాయతీ అయింది. బ్యాగులు వాపసు ఇచ్చెయ్యాలని పడుచువాళ్లు పట్టుబట్టారు. తెల్లారకముందే లేచి రోడ్లు ఊడ్చే ఒక అక్క లేచి నిలబడ్డది. "వాపసిస్తే మీరు కొనిస్తరా? నా బిడ్డ బ్యాగు జిప్పు పోయి రెండేండ్లాయె. ఆ ఫొటో మీద గుడ్డపేలిక కుట్టుకుంట. మీరు ముందుగాల నా బిడ్డకు రాసుడు నేర్పుండ్రి" అన్నది. మా నోళ్లు మూతపడ్డాయి. నిజమే గదా. ఆత్మగౌరవం గురించి ఉపన్యాసాలిచ్చే మేము రోజూ సాయంత్రం ఆ పిల్లను కూచోబెట్టుకొని ఏం నేర్పినట్టు? ఈ నాలుగు మాటలు ఆ అక్కకు మా జవాబు.

ముందు మా తప్పు మేం ఒప్పుకుంటున్నాం. బడిలో చేసేదే సాయంత్రం మేమూ చేశాం. అఆలు దిద్దించాం. క కా కి కీ గుణింతం పాటలాగ పాడించాం. పిల్లలు గడగడా పాడారు. మధ్యలో ఒక అక్షరం మీద వేలు పెట్టి ఇదేంది అంటే మళ్లీ మొదటినుంచి పాడుకుంటూ రావాలి! అది చదువు ఎట్లయితది? పాట నోటికొచ్చింది, అక్షరం కంటికి రాలేదు. బోర్డు మీద ఉన్నది చూసి నోటుబుక్కులో ఎక్కించడం కూడా అంతే. చేతిరాత ముత్యాలలాగ ఉంటుంది. రాసిందేందో రాసినోళ్లకే తెలియదు.

భాష సంగతి ఇంకోటి. మన పిల్లలకు ఇంట్లో తెలుగు, గల్లీలో ఉర్దూ, బడిలో ఇంగ్లీషు. 2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం వచ్చింది. పుస్తకంలో ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లీషు అచ్చయి వస్తున్నది. ఇంగ్లీషు వద్దని మేం అనం. తమ పిల్లల్ని కాన్వెంటుకు పంపి మనకు మాతృభాష నీతులు చెప్పే పెద్దమనుషుల మాట మేం వినం. ఇంగ్లీషు మనకూ కావాలె. కాని ఏదో ఒక భాషలో అక్షరం పట్టుబడితేనే రెండో భాష అక్షరం పట్టుబడుతుంది. ఒక్కదాంట్లోనూ చదవలేని పిల్లకు రెండు భాషల పుస్తకమిస్తే రెండు గోడల మధ్య నిలబెట్టినట్టే.

అందుకే పద్ధతి మార్చాం. మేం చేసింది రాస్తున్నాం. పైసా ఖర్చు లేదు. మీ వాడలో మీరూ చెయ్యొచ్చు.

ఒకటి. మొదటి పాఠం పిల్ల పేరు. రెండో పాఠం తల్లి పేరు. మూడోది గల్లీ పేరు. పెళ్లిపత్రికల వెనుక ఖాళీ ఉంటుంది, దాని మీద పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చాం. తన పేరులోని అక్షరాన్ని పిల్ల మరిచిపోదు.

రెండు. పిల్ల చెప్పాలి, మేం రాయాలి. "నిన్న మా యింట్ల బువ్వ లేకుండె, పక్కింటి ఖాలా రొట్టె ఇచ్చింది" అని ఒక పోరడు చెప్పాడు. చెప్పింది చెప్పినట్టే రాశాం. బువ్వను అన్నమని దిద్దలేదు. ఖాలాను పిన్ని చెయ్యలేదు. తర్వాత వాడే దాన్ని చదివాడు. తన మాట కాగితం మీద కనబడితే పిల్లగాని కళ్లు ఎట్లా వెలుగుతాయో చూస్తేగాని తెలియదు. బడిపుస్తకం భాష తర్వాత నేర్చుకుంటాడు. ముందు తన మాటకూ అక్షరం ఉంటుందని తెలియాలి.

మూడు. రోజూ పది నిమిషాలు కథ చదివి వినిపించాలి. పరీక్ష లేదు, ప్రశ్నలు లేవు. మన ఇండ్లలో చదివి వినిపించేటోళ్లు లేరు గనక ఆ పని వాడ చెయ్యాలి.

నాలుగు. ఉర్దూ పిల్లలు, తెలుగు పిల్లలు పక్కపక్కన కూచోవాలి. ఒకే గోడ మీద ఒకే మాట రెండు లిపుల్లో రాయించాం. తెలుగు ఎడమనుంచి పోతుంది, ఉర్దూ కుడినుంచి వస్తుంది. ఒకరికొకరు గురువులయ్యారు. 1848లో పుణేలో బడి పెట్టి సావిత్రిబాయి ఫూలే మొదలుపెట్టిన పనిలో ఫాతిమా షేక్ కూడా నిలబడ్డది. ఆ స్నేహం పాత షహరుకు కొత్తదేం కాదు.

ఐదు. రాతకు పని కల్పించాలి. మోరీ నిండి పొంగితే మున్సిపాలిటీకి దరఖాస్తు పిల్లలతోనే రాయించాం. తప్పులు ఉండనీ. దరఖాస్తు కింద అక్షరాలతో సంతకం ఉంటే ఆఫీసులో మాట్లాడే తీరే వేరు.

ఇక దానం సంగతికొద్దాం. దానం తీసుకోవద్దా? తీసుకోవాలె. అయితే ఎట్లాంటి దానమన్నది మనమే చెప్పాలె.

1907లో అంబేద్కర్ మెట్రిక్ పాసయ్యాడు. వాడవాళ్లు సభ పెట్టారు. ఆ సభలో కృష్ణాజీ అర్జున్ కేలూస్కర్ అనే ఉపాధ్యాయుడు తాను మరాఠీలో రాసిన బుద్ధుని చరిత్ర ఆ కుర్రవాని చేతిలో పెట్టాడు. బొంబాయి చర్నీరోడ్ తోటలో కూచొని చదువుకునే ఆ పిల్లవాణ్ణి ఆయన అంతకు ముందునుంచే ఎరుగును. తర్వాత బరోడా మహారాజు దగ్గర నెలకు 25 రూపాయల స్కాలర్‌షిప్ దొరకడానికి తోడ్పడిందీ ఆయనే. పుస్తకం ఇచ్చి ఊరుకోలేదు. వెంట ఉన్నాడు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షలమందితో బాబాసాహెబ్ బౌద్ధం తీసుకున్న దారికి ఆ పుస్తకం ఒక మొదలు. దానమంటే అట్లా ఉండాలె. ఇచ్చేటోడు పిల్లను ఎరిగి ఉండాలె.

మన హైదరాబాద్‌లోనే చూడండి. మూసీ దాటితే ఇసామియా బజార్. అక్కడ, లింగంపల్లిలో 1910లో భాగ్యరెడ్డి వర్మ మన పిల్లలకు బడులు పెట్టాడు. అప్పటి సర్కారు భాష ఉర్దూ. ఆయన తెలుగులో చెప్పించాడు. ఆయన 1906లో పెట్టిన జగన్మిత్ర మండలి అంతకు ముందే వాడల్లో హరికథలు చెప్పించి జనాన్ని కూడగట్టింది. ముందు చెవికి కథ, తర్వాత కంటికి అక్షరం. రెండు బడులు పాతిక దాకా పెరిగాయి. 1930లలో నిజాం ప్రభుత్వమే వాటిని తీసుకొని నడపవలసి వచ్చింది. ఈ సంగతి గట్టిగా పట్టుకోండి. వాడ మొదలుపెట్టింది, సర్కారు మెడ వంచింది. మన చందాలు సర్కారును తప్పించడానికి పనికి రాకూడదు, సర్కారును రప్పించడానికి పనికి రావాలె.

ఎందుకంటే చదువు ఎవడి ధర్మమూ కాదు. 1882లో హంటర్ కమిషన్ ముందు జోతిరావు ఫూలే ఈ మాటే చెప్పాడు. పన్ను కట్టేది చెమటోడ్చే జనం, ఆ పైసలతో చదువుకునేది పైకులాలవాళ్లు. ఇప్పుడు చట్టం కూడా ఉన్నది. 2009 విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1నుంచి అమల్లోకి వచ్చింది. ప్రతి బడిలో లైబ్రరీ ఉండాలని, అందులో పేపర్లు, పత్రికలు, కథల పుస్తకాలు ఉండాలని ఆ చట్టం షెడ్యూలులో రాసి ఉన్నది. సర్కారు బడి యాజమాన్య కమిటీలో మూడొంతులమంది తల్లిదండ్రులే ఉండాలని, సగంమంది ఆడవాళ్లు ఉండాలని కూడా ఉన్నది. కథల పుస్తకాలు ఏ దాతనో అడుక్కోవలసినవి కావు. బీరువా తాళం తియ్యమని అడగవలసినవి.

మరి దాతను ఏమడగాలి? దబీర్‌పురా వంతెన కింద 2012నుంచి అజహర్ మఖ్సూసీ రోజూ ఆకలిగొన్నవాళ్లకు అన్నం పెడుతున్నాడు. కులం అడగడు, మతం అడగడు. అసలు సంగతి 'రోజూ' అన్న మాటలో ఉన్నది. అన్నం ఏడాదికొకసారి పెడితే ఆకలి తీరుతదా? అక్షరమూ అంతే. అందుకే మేం ఒక షరతు పెట్టుకున్నాం. బ్యాగు ఇచ్చినా సరే, పుస్తకం ఇచ్చినా సరే, వారానికి ఒక గంట వచ్చి పిల్లల మధ్య కూచొని చదివి వినిపించాలి. ఫొటో వద్దు. వరుస వద్దు. ఈ మాట చెప్పినంక కొందరు మళ్లీ కనబడలేదు. ఇద్దరు ముగ్గురు మాత్రం వస్తున్నారు. ఆ ఇద్దరు ముగ్గురే మాకు చాలు.

మన జేబుల సంగతి కూడా మాట్లాడుకుందాం. ఏప్రిల్ 14న దండలకు, డీజేకు ఎంత ఖర్చు పెడుతున్నాం? జయంతి చెయ్యొద్దని అనడం లేదు. ఆ చందాలో కొంత తీసి వాడ లైబ్రరీకి పుస్తకాలు కొందాం. చదువుకొని నౌకరీ చేస్తున్న మన తమ్ముళ్లు, చెల్లెళ్లు పైసలతోపాటు ఆదివారం ఒక గంట ఇవ్వాలి. ఐదో తరగతి దాటినా చదవరాని పిల్ల ఆరులోనో ఏడులోనో బడి మానేస్తుంది. మానేసిన చేతికి దొరికేది తల్లి చేతిలోని చీపురే. చీపురును తక్కువ చెయ్యడం లేదు. అది పుట్టుకతో రావద్దు అంటున్నాం.

ఆ పిల్ల ఇప్పుడు ఆరో తరగతి. తల్లి పేరు రాస్తది. కథ చదువుతది. వత్తుల కాడ ఇంకా తడబడుతది. ఇంకా పని ఉన్నది.

మళ్లీ జూన్ వస్తది. దాతలూ వస్తారు. రిజిస్టరు తెచ్చుకొమ్మని చెప్పండి. స్టాంపు ప్యాడు మాత్రం ఇంటికాడ పెట్టి రమ్మనండి.

జై భీం.