ఖాళీ చేతుల ఉపాధ్యాయుడు

వేసవి సెలవులు వచ్చాయంటే మన పట్టణాలలో పాఠశాలల మైదానాలు, ఫంక్షన్ హాళ్ళు తెల్లని దుస్తులు ధరించిన పిల్లలతో నిండిపోతాయి. కరాటే మాస్టారు దగ్గరికి వెళ్ళిన తల్లిదండ్రులు తరచుగా అడిగే మొదటి ప్రశ్న: బెల్టు ఎన్ని నెలలకు వస్తుంది? ఆ ప్రశ్నను తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. ఫీజు చెల్లించేవారికి ఫలితం గురించి అడిగే హక్కు ఉంది. అయితే పిల్లవాడు ఆ మైదానం నుండి ఇంటికి తెచ్చుకోవలసినది ఏమిటన్న ప్రశ్న అంతకంటె ముందు రావలసి ఉంది. దానికి జవాబు వెదుకుతూ, ఒకినావా దీవిలో పుట్టిన కరాటేను జపాన్ ప్రధాన భూభాగంలో పాదుకొల్పిన గిచిన్ ఫునకోషి జీవితాన్ని ఈ నెల పాఠకుల ముందు ఉంచుతున్నాము. ఆయన వృద్ధాప్యంలో తన జీవితాన్ని తానే గ్రంథస్థం చేశారు. అందులో విజయాల కంటె నిరీక్షణే ఎక్కువగా కనిపిస్తుంది.

రాత్రివేళ పాఠాలు

ఫునకోషి 1868లో ఒకినావాలోని షురి పట్టణంలో నెలలు నిండకుండానే జన్మించారు. బాల్యంలో ఆయన చాలా బలహీనుడు. వైద్య విద్య అభ్యసించాలన్నది ఆయన కోరిక. కానీ ఆ రోజుల్లో తలపై సంప్రదాయ సిగ ఉన్నవారికి ఆ విద్యాలయంలో ప్రవేశం లేదు. సిగ తీయడం వంశానికే అవమానమని ఆయన కుటుంబం భావించింది. ఆ విధంగా వైద్య విద్య అందకుండా పోయింది. తరువాత 1888లో ఆయన పాఠశాలలో సహాయ ఉపాధ్యాయుడిగా చేరారు. అందుకోసం చివరికి సిగ తీయక తప్పలేదు. ఇంట్లో పెద్దల ఆగ్రహాన్ని కూడా భరించవలసి వచ్చింది.

ఆయన కరాటే గురువు అంకో అసాతో, చిన్ననాటి సహాధ్యాయి తండ్రి. ఆ కాలంలో ఈ విద్యను బహిరంగంగా నేర్పేవారు కారు. కనుక పగలు బడిలో పాఠాలు చెప్పి, చీకటి పడ్డాక లాంతరు పట్టుకుని గురువు ఇంటికి నడిచి వెళ్ళేవారు. తెల్లవారుజామున తిరిగి వస్తుంటే, ఇతడు రాత్రంతా ఎక్కడికి వెళుతున్నాడోనని ఇరుగుపొరుగు గుసగుసలాడుకునేవారు.

ఆ పెరటిలో జరిగినది ఈనాటి పిల్లలకు వింతగా తోస్తుంది. కరాటేలో ‘కటా’ అంటే ఊహలోని ప్రత్యర్థిని ఎదుర్కొంటూ, నిర్ణీత క్రమంలో చేసే కదలికల వరుస. గురువు మసక దీపపు వెలుగులో నిటారుగా కూర్చుని చూసేవారు. శిష్యుడు ఒకే కటాను నెలల తరబడి చేసేవాడు. పూర్తికాగానే మళ్ళీ చేయమనేవారు. ప్రశంస చాలా అరుదు. సంతృప్తి కలిగే దాకా తరువాతి పాఠానికి అనుమతి ఉండేది కాదు. అసాతో మిత్రుడు అంకో ఇతోసు వద్ద కూడా ఆయన శిక్షణ పొందారు. ఈ విద్యను ఒకినావా పాఠశాలల్లో ప్రవేశపెట్టిన ఘనత ఈ ఇతోసుకే దక్కింది.

ఇదంతా చిన్న జీతం మీద పెద్ద సంసారాన్ని ఈదుతూ సాగిన సాధన. ఆయన భార్య కూరగాయలు పండించారు, రాత్రులు మగ్గం మీద వస్త్రం నేశారు. భర్త సాధనను ఆటంకంగా భావించలేదు సరికదా, తాను కూడా కరాటే అభ్యసించారు. పొరుగువారి మధ్య తగాదాలు వస్తే సర్ది చెప్పేవారు. గురువుల కీర్తి వెనుక ఇటువంటి గృహిణుల శ్రమ ఎంత ఉంటుందో చరిత్ర పుస్తకాలు అరుదుగా చెబుతాయి.

చీపురు పట్టిన గురువు

1922లో జపాన్ విద్యాశాఖ టోక్యోలో నిర్వహించిన ప్రదర్శనకు ఫునకోషి కరాటేను పరిచయం చేయడానికి వెళ్ళారు. అప్పటికి ఆయన వయస్సు యాభై దాటింది. జూడో స్థాపకుడు జిగోరో కానో తన శిక్షణాలయంలో ప్రదర్శన ఇమ్మని ఆహ్వానించారు. కొద్దిరోజులకని వెళ్ళిన ఆయన అక్కడే ఉండిపోయారు. కీర్తి వచ్చినంత సులువుగా కూడు రాలేదు. ఒకినావా విద్యార్థుల వసతిగృహంలో ఒక చిన్న గదిలో ఉంటూ, పగలు గదులు శుభ్రం చేసి, తోట ఊడ్చి, సాయంత్రం కరాటే నేర్పేవారు. భోజనం ఖర్చు కొంత తగ్గించుకోవడానికి వంటవానికి కూడా కరాటే నేర్పారు. పాత టోపీ, చేనేత వస్త్రం తాకట్టు పెట్టుకున్న రోజులూ ఉన్నాయి.

ఒకనాడు ఒక పత్రికా విలేఖరి వచ్చి, తోట ఊడుస్తున్న వ్యక్తిని ‘గురువుగారు ఎక్కడ?’ అని అడిగారు. ఒక్క క్షణం ఆగమని ఆయన లోపలికి వెళ్ళి, దుస్తులు మార్చుకుని వచ్చి, తానే ఫునకోషినని పరిచయం చేసుకున్నారు. ఈ సంఘటనను ఆయనే రాసుకున్నారు. ఊడ్చినందుకు సిగ్గుపడలేదు. అయితే గురువుగా మాట్లాడేటప్పుడు ఆ స్థానానికి తగిన మర్యాద పాటించారు. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండడం మాకు గొప్పగా తోచింది.

ఇక బెల్టు విషయం. బ్లాక్ బెల్టు పద్ధతిని కరాటే జూడో నుండి తీసుకున్నది. ఫునకోషి తన శిష్యులకు మొదటిసారి దానిని ఇచ్చినది 1924లో. అంటే, అన్ని రాత్రులు గురువు పెరటిలో చెమటోడ్చిన ఆయన ఏ బెల్టు కోసమూ సాధన చేయలేదు.

దెబ్బ వేయని చేయి

ఒకసారి ఒకినావాలో చీకటి దారిన వెళుతుండగా ఇద్దరు దొంగలు ఆయనను అడ్డగించారు. వారితో తలపడగల శక్తి ఆయనకు ఉంది. అయినా తన వద్దనున్న మిఠాయిలు వారికి ఇచ్చి, తన దారిన వెళ్ళిపోయారు. ఈ సంగతి విన్న గురువులిద్దరూ ఎంతో సంతోషించారు. సంవత్సరాల సాధనకు దక్కని మెప్పు, ఆ రాత్రి చేయి ఎత్తనందుకు దక్కింది.

యుద్ధం ముగిశాక, దాదాపు ఎనభై ఏళ్ళ వయస్సులో, మరొక దొంగ ఎదురయ్యాడు. ఈసారి ఆయన అతనిని కదలకుండా పట్టుకుని పోలీసుకు అప్పగించారు. ఎవరైనా గర్వించే విషయమే. కానీ ఆయన సిగ్గుపడ్డారు. ఆ యువకుడు యుద్ధం నుండి తిరిగివచ్చి, పనిలేక అలా చేశాడేమోనని బాధపడ్డారు. కుస్తీలో ఎదుటివానిని పడవేయడం కాదు, ఆగ్రహంలో తనను తాను అదుపు చేసుకోవడమే బలమని దైవప్రవక్త (స) బోధించిన సంగతి మన ఇళ్ళలో పిల్లలకు సైతం తెలుసు. దానిని తెలుసుకోవడం వేరు, చీకటి దారిలో ఆచరించడం వేరు.

ఆయన చివరి సంవత్సరాలు కఠినంగా గడిచాయి. దాదాపు డెబ్బై ఏళ్ళ వయస్సులో శిష్యులు కట్టించిన శిక్షణాలయం 1945లో బాంబుదాడికి ఆహుతైంది. అదే సంవత్సరం, కరాటేలో తన కుడిభుజమైన కుమారుడు క్షయవ్యాధితో మరణించాడు. ఏళ్ళ తరబడి దూరంగా ఉన్న భార్యను యుద్ధానంతరం కలుసుకున్నారు. ఆమె కూడా 1947లో కన్నుమూశారు. అయినా ఆయన తిరిగి టోక్యో వచ్చి బోధన సాగించారు. 1957లో, 88 ఏళ్ళ వయస్సులో మరణించారు.

తల్లిదండ్రులకు

మీ అబ్బాయిని గానీ, అమ్మాయిని గానీ శిక్షణకు పంపేముందు ఒక గంటసేపు మైదానం పక్కన నిలబడి చూడండి. చేసినదే మళ్ళీ చేయిస్తున్నారా, లేక పరీక్షలకూ ఫొటోలకూ పరుగెత్తిస్తున్నారా? బలహీనుడైన పిల్లవాడిని మిగిలినవారు ఎగతాళి చేస్తే మాస్టారు వారిని ఆపుతున్నారా? మూడు నెలల తరువాత తమ్ముడి మీద లేచే చేయి తగ్గిందా, పెరిగిందా? ఈ చివరి ప్రశ్నకు జవాబు మాస్టారి దగ్గర ఉండదు, మీ ఇంట్లోనే ఉంటుంది.

మరొక మాట. మన ఊళ్ళలోని మాస్టర్లలో చాలామంది పగలు వేరొక ఉద్యోగం చేసుకుంటూ, ఉదయం, సాయంత్రం పిల్లలకు నేర్పుతున్నారు. వారి ఫీజు ఈ నెల కాకపోతే వచ్చే నెల ఇవ్వవచ్చులే అనుకోవడం మనకు పరిపాటి అయింది. దానిని మానుకుందాము.