రెండంగుళాల్లోనే ఉంది మర్మం!

ఇంజన్ కొత్తదే. ప్లగ్గులు మార్చారు, ఆయిల్ మార్చారు. అయినా పడవ ముందుకు పోనంటోంది. ముక్కు పైకెత్తి, వెనక భాగం నీళ్లలోకి కుంగదీసుకుని, బురద గుంటలో దిగిన గేదెలా కదులుతోంది. పక్కనే అంతే పొడవు పడవ. అదే కంపెనీ మోటారు. అదేమో రయ్యిమని దూసుకుపోతోంది. పైగా పెట్రోలూ తక్కువే తాగుతోంది!

‘మోటారు చాలట్లేదు బావా, ఇంకాస్త పెద్దది వేయించెయ్’ అని సలహా చెప్పడానికి ఒడ్డున నలుగురు ఎప్పుడూ ఉంటారు. పెద్ద మోటారంటే మాటలా? మళ్లీ అప్పు, మళ్లీ వడ్డీ. నిజానికి చాలాసార్లు దాని అవసరమే ఉండదు. ఓ స్పానరు, రెండంగుళాల చెక్కముక్క, సరైన ప్రొపెల్లరు... వీటితోనే తేలిపోయే వ్యవహారమది.

పడవ వెనక పలకకి బయటివైపు తగిలించే మోటారునే అవుట్‌బోర్డ్ అంటారు. దీన్ని జనంలోకి తెచ్చిన ఘనత ఓలే ఎవిన్‌రూడ్‌ది. నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ మెకానిక్ ఆయన. కాబోయే భార్య ఐస్‌క్రీమ్ అడిగితే సరస్సు మీద తెడ్డేసుకుంటూ వెళ్లి తెచ్చాడనీ, వచ్చేసరికి అది కాస్తా కరిగిపోయిందనీ, ఆ ఉక్రోషంలోంచే మోటారు పుట్టిందనీ చెబుతారు. కథ సంగతి ఎలా ఉన్నా 1909 నాటికి ఆయన మోటార్లు అమ్మకానికొచ్చాయి. వాటి శక్తి ఒకటిన్నర హార్స్‌పవర్! ఆయన పేరుతో వచ్చిన మోటార్ల తయారీ 2020లో ఆగిపోయింది గానీ, ఆ తగిలించే పద్ధతి మాత్రం ఇప్పటికీ అదే. తిరకాసంతా ఆ తగిలించడంలోనే ఉంది.

మోటారు కాలు పొడవు సాధారణంగా మూడు రకాలు. 15 అంగుళాలు, 20 అంగుళాలు, 25 అంగుళాలు. పడవ వెనక పలక ఎత్తుకు తగ్గ కాలు ఎంచుకోవాలి. కొనేటప్పుడు ఎవరూ టేపు పెట్టి కొలవరు. దుకాణంలో ఏది ఉంటే అది తెచ్చేస్తారు. ఇక పడవకి తిప్పలు మొదలు.

ప్రొపెల్లర్‌కి సరిగ్గా పైన అడ్డంగా ఓ రేకులాంటి పలక ఉంటుంది చూడండి. మెకానిక్కులు దాన్ని ‘కేవిటేషన్ ప్లేటు’ అంటారు. ఆ పేరు నిజానికి తప్పు. కేవిటేషన్ అంటే రెక్కల దగ్గర పీడనం బాగా పడిపోయి నీరు మామూలు వేడిలోనే ఆవిరి బుడగలుగా మారడం. ఈ పలక పని వేరు. పైనున్న గాలిని ప్రొపెల్లర్ కిందికి లాక్కోకుండా అడ్డుకోవడం. అదే మనకి కొలబద్ద.

పడవ ఒడ్డునే ఉన్నప్పుడు మోటారుని నిటారుగా దించి, అడుగు భాగానికి ఆనించి ఓ పొడవాటి తిన్నని బద్దని వెనక్కి పట్టుకోవాలి. ఆ బద్ద, ఈ పలక దాదాపు ఒకే మట్టంలో ఉంటే సరి. మొదలుపెట్టడానికి అదే మంచి చోటు. ఓ అంగుళం అటూఇటూ అయినా ఫర్వాలేదు. అక్కణ్నుంచి నీళ్లలో నడిపి చూస్తూ సర్దుకోవాలి.

మోటారు మరీ కిందికి ఉంటే కాలు మొత్తం నీళ్లని చీల్చుకుంటూ పోవాలి. బ్రేకు నొక్కిపెట్టి బండి నడిపినట్టే! వెనక నీళ్లు ఫౌంటెన్‌లా పైకి ఎగజిమ్ముతాయి. ఇసుక మేటలుంటే ముందు తగిలేదీ ఆ కాలే. మరీ పైకి ఉంటే ఇంకో రకం కష్టం. మలుపు తిప్పగానే, కెరటం ఎక్కగానే ప్రొపెల్లర్ గాలి మింగేస్తుంది. ఇంజన్ ఒక్కసారిగా గయ్యిమంటుంది, పడవ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అంతకన్నా ప్రమాదం, ఇంజన్‌ని చల్లబరిచే నీళ్లు పీల్చే రంధ్రాలు కూడా పైకి తేలిపోవడం. మోటారు పక్క నుంచి సన్నగా ధార వస్తుందే, అది ఆగిపోయిందంటే ఇంజన్ ఉడికిపోతోందని అర్థం. ఎత్తు మార్చిన ప్రతిసారీ ముందు ఆ ధారని చూడాలి.

చెరువులో, కాలువలో తిరిగే తేలికపాటి పడవకి మోటారు కాస్త పైకి ఉంటే మేలు. సముద్రంలో వలలేసే పడవకి మాత్రం ఆ లెక్క కుదరదు. కెరటాల మీద వెనక భాగం లేస్తూ పడుతూ ఉంటుంది కాబట్టి కాస్త కిందికి ఉంచుకోవడమే క్షేమం. నాలుగు కిలోమీటర్ల వేగం పెరుగుతుందని ఎవరో చెప్పారని పైకి లేపేసి, అల మీద పట్టు తప్పించుకోవడం తెలివైన పని కాదు.

ఎత్తు మార్చడం కష్టమేం కాదు. పెద్ద మోటార్లకి బోల్టు రంధ్రాలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి, ఒక్కో మెట్టూ ముప్పావు అంగుళం దాకా. క్లాంపులతో బిగించే చిన్నవాటికైతే పలక మీద గట్టి చెక్క బద్ద వేసి లేపొచ్చు.

ఇక ప్రొపెల్లర్. దాని మీద 11×13 అని ఉందనుకుందాం. మొదటి అంకె రెక్కల చుట్టుకొలతేమో అనుకుంటారు చాలామంది. కాదు, అది వ్యాసం. రెండోది పిచ్. చెక్కలో మర మేకు తిప్పితే ఒక్కో చుట్టుకీ కొంత లోపలికి దిగుతుంది కదా! అలాగే ఈ ప్రొపెల్లర్ ఒక్క చుట్టు తిరిగితే లెక్కప్రకారం 13 అంగుళాలు ముందుకి పోవాలి. నీరు చెక్కలా గట్టిగా ఉండదు కాబట్టి కొంత జారిపోతుంది.

పిచ్ ఎక్కువుంటే వేగం ఎక్కువేగా? అక్కడే పప్పులో కాలేస్తారు. నిండా లోడున్న లారీని టాప్ గేరులో ఘాట్ రోడ్డెక్కిస్తే ఏమవుతుంది? మూలుగుతుంది. పడవా అంతే. నిమిషానికి 5,000 నుంచి 6,000 చుట్లు తిరగాలని కంపెనీ తన పుస్తకంలో రాసిన మోటారు, పూర్తి థ్రాటిల్‌లో 4,500 దగ్గరే ఆగిపోతోందంటే పిచ్ ఎక్కువైనట్టు. ఒక్క అంగుళం పిచ్ తగ్గిస్తే సుమారు 150 నుంచి 200 చుట్లు పెరుగుతాయి. 13 బదులు 10 వేస్తే ఇంజన్ ఊపిరి పీల్చుకుంటుంది. బరువు పడవకైతే వేగం కూడా పెరుగుతుంది. అదే 6,000 దాటి అరుస్తుంటే పిచ్ పెంచాలి.

ఈ పరీక్ష ఖాళీ పడవతో చేస్తే దండగ. వలలు, ఐసు, ఇంధనం డ్రమ్ము, మనుషులు... రోజూ ఉండే బరువంతా ఉండాలి. ముందు ఎత్తు సరిచూసుకుని, తర్వాతే ప్రొపెల్లర్ జోలికి పోవాలి. ఎందుకంటే గాలి మింగే మోటారు చుట్లు ఎక్కువ చూపిస్తుంది. అది చూసి పిచ్ పెంచితే జబ్బొకటి, మందొకటి! రెండూ ఒకేసారి మార్చినా ఏది పనిచేసిందో తెలియదు. ఒక్కటి మార్చడం, సెల్‌ఫోన్‌లో జీపీఎస్ వేగం చూడటం, నోటు పుస్తకంలో రాసుకోవడం. అంతే.

అన్నట్టు ప్రొపెల్లర్ విషయంలో పెద్దవాళ్లే బోల్తాపడ్డారు. ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్ అనే ఇంగ్లిష్ రైతు 1836లో మర ఆకారపు ప్రొపెల్లర్‌కి పేటెంట్ తీసుకున్నాడు. చెక్కతో చేసిన ఆ మరకి రెండు పూర్తి చుట్లు. మర్నాడు కాదు గానీ మరుసటి ఏడాది, లండన్ కాలువలో పరీక్షిస్తుంటే సగం విరిగిపోయింది. పడవ ఆగిపోతుందనుకుంటే... ఇంకా వేగంగా పరుగెత్తింది!

ఈ లెక్కలు వేటకి వెళ్లేవాళ్లకే పరిమితం కాదు. 2018 ఆగస్టు వరదల్లో కేరళ మత్స్యకారులు తమ పడవల్ని లారీలకెక్కించి ఊళ్లలోకి తెచ్చి వేలమందిని కాపాడారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్ వీధుల్లోనూ మోటారు పడవలు తిరిగాయి. వీధిలో నీళ్ల కింద డివైడర్ ఉండొచ్చు, మునిగిన బైకు ఉండొచ్చు. సముద్రం కోసం బిగించిన మోటారు అక్కడ కాస్త పైకి వంచుకుని, నెమ్మదిగా నడపాల్సిందే. పలక ఎత్తు మార్చే తీరిక ఉండదు. మనుషుల్ని సర్దితే మాత్రం కొంత పని జరుగుతుంది. ఎక్కినవాళ్లంతా వెనకే కూర్చుంటే మోటారు ఇంకా కిందికి దిగి నేలకి తగులుతుంది. నలుగురు కాస్త ముందుకి జరిగితే పైకి లేస్తుంది. అందరూ ముక్కు దగ్గరికే పోతే ప్రొపెల్లర్ గాలి మింగుతుంది.

ఇక నీళ్లలోంచి ఎవరినైనా పైకి లాగేటప్పుడు మోటారుని న్యూట్రల్‌లో పెడితే చాలదు, పూర్తిగా ఆపేయాలి. వెనకవైపు నుంచి ఎక్కనివ్వకూడదు. రెక్కలుండేది అక్కడే.