వేయమన్నవాళ్ళే గాని ఆపమన్నవాళ్ళు లేరు

మన వసతి గృహ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్ళు అడిగినప్పుడు విద్య విలువ మీదో, క్రమశిక్షణ మీదో రాద్దామని మొదట అనుకున్నాం. అవి ప్రతి సంచికలోనూ ఉంటాయి. అందుకే మేము చేపల కుంటలో పట్టిన పాచి గురించి రాస్తున్నాం. నవ్వకండి. జైనూర్ మండలంలో మా పెరట్లో ఉన్న రెండు గుంటల కుంట మాకు చెప్పిన పాఠం ఎం.ఎస్సీ. జంతుశాస్త్రంలో ఏ పేపరూ చెప్పలేదు.

ఆ కుంట ఉపాధి హామీ పనుల్లో తవ్వింది. ఎగువన పత్తి చేను, పక్కన పశువుల కొట్టం. కొన్నేళ్ళు ఊరికే నీళ్ళు నిలిచాయి. రెండేళ్ళ క్రితం వానాకాలంలో బాపు చేపపిల్లలు తెచ్చి పోశాడు. బొచ్చె, రవ్వ, మృగాల అన్నీ కలిపి మూడు వందలు. అవి అమ్మి చెల్లె ఫీజు కట్టాలని ఆశ. చేప పెరగాలంటే పేడ వేయాలని ఒకరన్నారు, వేశాడు. తవుడు, పల్లి చెక్క వేయమని ఇంకొకరన్నారు, అవీ వేశాడు. నాలుగు గుప్పిళ్ళు డి.ఏ.పీ. చల్లితే నీళ్ళు పచ్చబడి చేప బలుస్తుందని మరొకరన్నారు, అదీ చల్లాడు. వీళ్ళెవరూ అబద్ధం చెప్పలేదు. ఎరువు వేస్తే నీటిలో కంటికి కనపడని మొక్కలు పుడతాయి, వాటిని తిని చిన్న పురుగులు పుడతాయి, ఈ రెండూ చేపలకు మేత. ఇది శాస్త్రమే. కాని ఎప్పుడు ఆపాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

దసరా సెలవులకు మేము ఇంటికి వెళ్ళేసరికి నీళ్ళు చిక్కటి ఆకు పసరులా ఉన్నాయి. గాలి వాలున ఒక మూలకు పెయింటు పోసినట్టు తెట్టె కట్టింది. బాపు అన్నాడు: "బిడ్డా, పొద్దుగాల చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నయి. నువ్వు సదువుకున్నవు గదా, ఏం జేయాల్నో జూడు."

మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటి వాళ్ళం మేము. ఆ మాట వినగానే ఛాతీ ఎంత ఉప్పొంగిందో ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. ఒక మందుల దుకాణంలో మైలుతుత్తం వేయమన్నారు. రాగి పాచిని చంపుతుందని మేమూ చదివాం. కిలో తెచ్చి బకెట్టులో కరిగించి సాయంత్రం కుంట చుట్టూ తిరిగి చల్లించాం. తెల్లారేసరికి చేపలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలాయి. రెండు వందల దాకా లెక్కపెట్టి ఆపేశాం. అవ్వ ఏమీ అనలేదు. బాపు అయితే ఆ తర్వాత చాలా రోజుల దాకా మమ్మల్ని ఏ సంగతీ అడగలేదు.

మేము చేసిన తప్పు ఎంతటిదో విశ్వవిద్యాలయానికి తిరిగి వెళ్ళాక కాగితం మీద లెక్క వేసుకుంటే తెలిసింది. రెండు గుంటలంటే సుమారు 200 చదరపు మీటర్లు. మీటరున్నర లోతు అనుకుంటే 3 లక్షల లీటర్ల నీరు. అందులో కిలో మైలుతుత్తం అంటే లీటరుకు మూడు మిల్లీగ్రాముల పైమాటే. నీటి క్షారత 100 ఉంటే లీటరుకు ఒక మిల్లీగ్రాము చాలని పుస్తకాల లెక్క. క్షారత 50 కన్నా తక్కువైతే అసలు వేయవద్దంటాయి, ఎందుకంటే మెత్తని నీటిలో రాగి చేపకే విషం. మేము క్షారత కొలవలేదు, నీళ్ళెన్నో కొలవలేదు. పైగా పాచి అంతా ఒక్క రాత్రిలో చస్తే అది కుళ్ళడానికి నీటిలో మిగిలిన కాస్త ప్రాణవాయువూ ఖర్చవుతుంది. కొన్ని రకాల నీలి ఆకుపచ్చ శైవలాలు చస్తూ తమలోని విషాన్ని కూడా నీటిలోకి వదులుతాయి. చేపలు తెల్లవారుజామున నోళ్ళు తెరుస్తున్నాయని బాపు చెప్పినప్పుడే అసలు సంగతి మాకు తట్టవలసింది. పాచి పగలు ఎండలో ప్రాణవాయువును వదులుతుంది, రాత్రి అదే పాచి దాన్ని పీల్చుకుంటుంది. కాబట్టి కోడి కూసే వేళకు కుంటలో ఊపిరి అతి తక్కువగా ఉంటుంది. ముసురు పట్టిన రోజుల్లో మరీ తక్కువ. ఈ పాఠం మాకు కంఠతా వచ్చు, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాం.

ఇంతకూ పాచి ఎక్కడి నుంచి వచ్చింది? 1973లో కెనడాలో డేవిడ్ షిండ్లర్ అనే శాస్త్రవేత్త బృందం ఒక చిన్న సరస్సును తెర కట్టి రెండు భాగాలు చేసింది. ఒక పక్క కర్బనం, నత్రజని వేశారు. రెండో పక్క వాటితో పాటు భాస్వరం కూడా వేశారు. భాస్వరం పడిన పక్క మాత్రమే పచ్చగా మారింది. ఆకాశం నుంచి తీసిన ఆ ఫోటో చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది. ఇప్పుడు మన పత్తి చేలు చూడండి. 50 కిలోల డి.ఏ.పీ. బస్తాలో అసలు భాస్వరం సుమారు 10 కిలోలు. ఒక్క కిలో భాస్వరంతో దాదాపు వంద కిలోల ఎండు పాచి పెరగగలదు. వాన కొడితే ఎగువ చేను మట్టి, కొట్టంలో పేడ నీళ్ళు నేరుగా మా కుంటలోకే దిగేవి. అంటే బాపు చేత్తో వేసింది కొంతే, వాన మోసుకొచ్చింది ఇంకెంతో. 2014 ఆగస్టులో అమెరికాలోని టోలెడో నగరంలో సుమారు నాలుగు లక్షల మందికి రెండు మూడు రోజులు కుళాయి నీళ్ళు తాగవద్దని చెప్పవలసి వచ్చింది. పొలాల ఎరువు సరస్సులో దిగి పెంచిన పాచి విషమే కారణం. అంత పెద్ద దేశానికీ మా పెరటికీ జబ్బు ఒకటే అన్నమాట.

కాబట్టి మా అభిప్రాయం సూటిగా చెబుతాం. పెరటి కుంటలో పాచికి మందు వేయడమే దండగ. చచ్చిన పాచిలోని భాస్వరం ఎక్కడికీ పోదు, పదిహేను రోజుల్లో మళ్ళీ పాచే అవుతుంది. మళ్ళీ మందు, మళ్ళీ ఖర్చు. వేయడం తగ్గించడం ఒక్కటే దారి. దీనికి యంత్రం అక్కర్లేదు. అరచేయి నిటారుగా వంచి చేతిని నీటిలో ముంచితే, మోచేయి మునిగే దాకా అరచేయి కనపడాలి. అంతకు ముందే మాయమైతే పేడ, తవుడు ఆ రోజే బంద్. మోచేయి దాటి ఇంకా స్పష్టంగా కనపడుతుంటే కాస్త ఎరువు వేయవచ్చు. అసలు పచ్చదనమే లేకుండా చేయాలనుకోవడమూ తప్పే, అప్పుడు చేపకు మేత ఉండదు.

మేము చేసిన మిగతా పనులు చిన్నవి. ఎగువన అడుగు ఎత్తు గట్టు పోసి, చేను నీళ్ళు, కొట్టం నీళ్ళు పక్కకు మళ్ళించాం. ఇదే అన్నిటికన్నా ఎక్కువ పని చేసింది. ఎండాకాలం కుంట ఎండినప్పుడు అడుగు బురద రెండు జానెల మందాన తీసి చేనుకే తోలాం, గుంటకు రెండున్నర కిలోల చొప్పున సున్నం చల్లాం. దారాల్లా పెరిగే పాచిని దంతెతో లాగి దూరంగా పెంటకుప్పలో వేశాం. కొందరు లాగిన పాచిని కట్టమీదే ఆరేస్తారు, ఒక్క వాన పడితే అది ఇంటికొచ్చిన చుట్టంలా తిరిగి కుంటలోకే దిగుతుంది. చేపపిల్లలు మూడు వందలకు బదులు నూరే పోశాం, గుంటకు యాభై. వాటిలో కొన్ని వెండిచేపలు. నీటిలో తేలే సన్నని పాచిని వడగట్టి తినే చేప అది, 1959లో మన దేశానికి తెచ్చారు. అయితే దారపు పాచిని అది ముట్టదు. గడ్డిచేప గడ్డినీ నాచునూ మేస్తుంది గాని దాని పెంట మళ్ళీ ఎరువే. కనుక చేపలే అన్నీ చూసుకుంటాయని నమ్మవద్దు. చేపలు పొద్దున్నే నోళ్ళు తెరిస్తే మేత ఆపి, మోటారు పెట్టి అదే నీటిని ఎత్తు నుంచి కుంటలోకి జల్లులా పోయాలి. కరెంటు లేకపోతే బిందెలతోనైనా సరే.

ఇక మనలాంటి వాళ్ళతో ఒక మాట. కుంటలు తవ్వించారు, చేపపిల్లలు ఇచ్చారు, మంచిదే. ఇచ్చే కాగితాల్లో లెక్కలన్నీ హెక్టార్లలో ఉంటాయి. రెండు గుంటల బాపుకు హెక్టారు లెక్క ఏం చేసుకోను? ఆ హెక్టారును గుంటల్లోకి మార్చి చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు, ఎనిమిదో తరగతి తమ్ముడు చాలు. నీటి క్షారత కొలవడానికి బ్యూరెట్, కాస్త ఆమ్లం, మిథైల్ ఆరెంజ్ చాలు. ఇంటర్ ప్రయోగశాలలో మనం మార్కుల కోసం చేసే పనే అది. సెలవులకు వెళ్ళినప్పుడు మీ ఊరి కుంట నీళ్ళు లీటరు సీసాలో పట్టుకురండి. మీ అధ్యాపకులను అడిగి కొలవండి. మా ఇంట్లో ఆ సీసా చేపలు చచ్చాక గాని బయలుదేరలేదు.

మొన్న ఆదివారం బాపు ఫోను చేశాడు. నాలుగు రోజులుగా ముసురు, మోచేయి దాకా మునగకముందే అరచేయి కనపడకుండా పోతోందట. తవుడు ఆపమని చెప్పబోయాం.

"పొద్దుగాల్నే ఆపిన బిడ్డా," అన్నాడు.