నిదానముగా చదువుట

పుదుచ్చేరి పట్టణమున గూబేర్ మార్కెట్టు చేరువను, అంగళ్ళ సందడి నడుమ, పదునెనిమిదవ శతాబ్దమున ఫ్రెంచి గవర్నరు డూప్లేకు దుబాసీయై, వర్తకమునను రాజకీయమునను అతనికి కుడిభుజమై మెలగిన ఆనందరంగపిళ్ళ నివసించిన మేడ నేటికిని నిలిచియున్నది. 1736వ సంవత్సరము మొదలుకొని ఆయన తమిళమున వ్రాసిపెట్టిన దినచర్య చరిత్రకారులకు పెన్నిధి. అది 1904 నుండి 1928 వరకు పండ్రెండు సంపుటముల ఆంగ్లానువాదముగా వెలువడి లోకప్రసిద్ధి గాంచినది. అయినను తెలుగువారికి ఆయనను చిరస్మరణీయునిగా జేసిన గ్రంథము వేరొకటి కలదు. అది కస్తూరి రంగకవి రచించి ఆయనకు అంకితమిచ్చిన ‘ఆనందరంగరాట్ఛందము’. తమిళము మాతృభాషగా గలిగి, ఫ్రెంచివారి కొలువున దినమెల్ల గడపిన ఒక ప్రభువు తెలుగు ఛందోలక్షణ గ్రంథమునకు కృతిపతియయ్యెనన్నచో, ఓడలును తుపాకులును బట్టల మూటలును తప్ప వేరు ధ్యాస లేదని మనము తలంచు ఆ రేవుపట్టణమున, పద్యమెట్లు నిర్మింపబడునో తెలిసికొనవలెనను కుతూహలమునకును చోటుండెనని యూహింపవచ్చును. 1761లో పిళ్ళ మరణించెను. ఆ యేడే పట్టణము ఇంగ్లీషువారి వశమై నేలమట్టమయ్యెను. ఛందోగ్రంథము మాత్రము నిలిచినది.

లక్షణగ్రంథములు కవులకే పనికివచ్చునని మనలో పెక్కుమంది తలంతురు. నిజమునకు వానివలన కవికి కలుగు మేలుకంటె చదువరికి కలుగు మేలే యధికము. చంపకమాల పాదమున ఇరువదియొక్క అక్షరములుండుననియు, పదునొకండవ అక్షరము యతిస్థానమనియు, నాలుగు పాదములయందును రెండవ అక్షరమున ఒకే హల్లు ప్రాసగా నిలుచుననియు నెరిగినవాని చెవి, పద్యము నడచుచుండగా ఎచట నడక మారెనో, ఎచట కవి యొక మాటపై ఊపిరి నిలిపెనో, ఎచట పాదాంతమున పదమును విరిచి తరువాతి పాదమునకు దాటించెనో వెంటనే పసిగట్టును. ఎరుగనివానికి అదంతయు కమ్మని మ్రోత మాత్రమే. మ్రోత కమ్మగానుండుట మేలే గాని, అచటనే యాగిపోయినవాడు కావ్యపు గడప దాటలేదు.

ఒక్క ఉదాహరణము చూతము. నన్నయభట్టారకుని ఆదిపర్వమున, దుష్యంతుని సభయందు శకుంతల సత్యమును గూర్చి పలికిన చంపకమాల తెలుగు బడిలో చదివినవారికందరికిని పరిచితమే. నూతులకంటె బావి, బావులకంటె యజ్ఞము, యజ్ఞములకంటె పుత్రుడు, పుత్రులకంటె సత్యవచనము మేలని మెట్టుమెట్టుగా సాగు ఆ పద్యమును వేగముగా చదివినవానికి అది నీతిపద్యము. పరీక్షలో తాత్పర్యము వ్రాసి మార్కులు తెచ్చుకొనుటకు ఆ మాత్రము చాలును. నిదానముగా చదువువానికి మూడు సంగతులు గోచరించును. మొదటిది: ఆ పద్యమున శకుంతల రాజును సత్యమే వ్రతముగా గలవాడా యని సంబోధించుచున్నది. అతడు ఆమెను ఎరుగననినది ఆ సభలోనే, ఆమె యెదుటనే. ఎరిగియుండియు ఎరుగననుచున్నాడని ఆమెకు తెలియును, కథ వినుచున్న మనకును తెలియును. పొగడ్తవలె వినిపించు ఆ పిలుపు నిండు సభలో అతని యెదుట నిలిపిన అభియోగము. రెండవది: ఆ సంబోధనము మొదటి పాదము చివర సగము విరిగి, రెండవ పాదము మొదట పూర్తియగుచున్నది, అందలి పూర్వపదమే నాలుగవ పాదమున సత్యవాక్యమునకు విశేషణమై మరలివచ్చుచున్నది. రాజునకు బిరుదుగా నిచ్చిన మాటయే తుదకు అతనిని తూచు తూనికరాయి యయ్యెనన్నమాట.

మూడవ సంగతి వీనికంటె లోతైనది. శకుంతల ఆ సభకు వచ్చినది దేనికి? కుమారుని చేయిపట్టుకొని, వీడు నీ కొడుకు, వీనిని పరిగ్రహింపుమని యడుగుటకు. అట్టి తల్లి, యజ్ఞశతముకంటె పుత్రుడు మేలని పలికి, తన కోరికకు బలము చేకూర్చుకొని, అచటనే వాదమును నిలిపియుండవచ్చును. నిలుపలేదు. మరియొక మెట్టెక్కి, అట్టి పుత్రులు నూరుమందికంటెను ఒక్క సత్యవాక్యము మేలన్నది. అనగా తాను దేనికై వచ్చెనో దానిని సైతము సత్యముకంటె ఒక మెట్టు దిగువను నిలిపినది. నా కొడుకు మాట యటుంచుము, ముందు నీ మాటను నీవు దక్కించుకొనుమని రాజునకు చెప్పుచున్న ఆ స్త్రీ ధైర్యము, ఆ ధైర్యము క్రింద అణచిపెట్టిన దుఃఖము, పద్యమును నీతివాక్యముగా కంఠస్థము చేసినవానికి ఏనాటికిని అందవు. ఇవి కనుగొనుటకు అసాధారణ పాండిత్యమక్కరలేదు. పద్యమును ఒకమారు చెవికొరకు బిగ్గరగా చదువవలెను. మరియొకమారు పదములు విడదీసికొనవలెను. పిమ్మట అన్వయము కూర్చుకొనవలెను. కడపట ఎవరు, ఎవరితో, ఏ సమయమున పలికిన మాటయో తలంచుకొని మరల మొదటినుండి చదువవలెను.

ఇట్లు చదువుట మనకు క్రొత్తగా నేర్పవలసిన విద్య కాదు. నేటి మెదకు జిల్లాలోని కొల్చారమే తమ యింటిపేరునకు మూలముగా గల కోలాచల మల్లినాథసూరి, రఘువంశ కుమారసంభవ మేఘసందేశములకు వ్యాఖ్యలు వ్రాయబూని, అన్వయముననుసరించియే నడతుననియు, ఆధారము లేనిదియు అక్కరకురానిదియు వ్రాయననియు ఆరంభముననే నియమము చేసికొనెను. నాటినుండి నేటివరకు ఈ దేశమున ఏ మూల కాళిదాసును చదువువాడైనను ఒక తెలుగువాని వ్రేలు పట్టుకొనియే నడచుచున్నాడు. గడచిన తరములలో వేదము వేంకటరాయశాస్త్రిగారు ఆముక్తమాల్యదకును శృంగారనైషధమునకును వ్యాఖ్యలు వ్రాసి అట్టి యుపకారమునే తెలుగు కావ్యములకు చేసిరి. చదువురానివారికి సైతము ఈ విద్య యందకపోలేదు. దేవాలయ మంటపమున పౌరాణికుడు రాత్రికి కొన్ని పద్యములు రాగయుక్తముగా చదివి, అర్థము చెప్పి, ఎవరైన సందేహమడిగినచో ఆగి తీర్చి, భారతమును మాసముల తరబడి నడిపించునాడు, ఊరివారందరును కలిసి ఒకే గ్రంథమును ఒకే వేగమున చదివినట్లే యయ్యెడిది.

పుదుచ్చేరి పట్టణము ఈ విద్యకు ఇరువదవ శతాబ్దమున మరల నెలవయ్యెను. 1908లో సుబ్రహ్మణ్య భారతియు, 1910 ఏప్రిల్ 4వ తేదీన అరవిందులును, ఆ యేడే వ.వె.సు. అయ్యరును, ఆంగ్లప్రభుత్వమునకు దూరముగా ఫ్రెంచి నేలను ఆశ్రయించిరి. దేశమును వీడకయే ప్రవాసులైన ఆ ముగ్గురును తీరికను వ్యర్థపుచ్చలేదు. అరవిందులు భారతికి వేదమును చదివి చెప్పిరి. భారతి తోడ్పాటుతో తాము తమిళము నేర్చి, ఆండాళ్, నమ్మాళ్వార్, కులశేఖరాళ్వార్ల పాశురములు కొన్నింటిని ఆంగ్లీకరించిరి. అయ్యరు తిరుక్కురళును ఆంగ్లమునకు తెచ్చి 1916లో ప్రకటించెను. ఒకరియొద్ద ఒకరు శిష్యులై, ఒకరికొకరు గురువులై చదివిన ఆ చదువులో పాండిత్యముకంటె సహాధ్యాయమే ముఖ్యముగా కనిపించును. 1914 ఆగస్టు 15వ తేదీన వెలువడనారంభించిన ‘ఆర్య’ మాసపత్రికలో అరవిందులు వేదరహస్యమును గూర్చిన వ్యాసములను రెండేండ్లపాటు నెలనెలయు ప్రకటించుచు, చదువరులను సైతము ఆ వేగముననే నడిపించిరి.

ఇందు మనము గ్రహింపదగిన విశేషమొకటి కలదు. అరవిందులు సాయణభాష్యమును పరిశ్రమించి చదివి, దాని గొప్పతనమును అంగీకరించి, పిమ్మట దానితో విభేదించిరి. పాశ్చాత్య పండితుల వ్యాఖ్యానములయెడలను అట్లే ప్రవర్తించిరి. వారి సిద్ధాంతమును అంగీకరించుటయు మానుటయు ఎవరి యిష్టము వారిది. కాని ఆ విభేదము మూలగ్రంథమును ఋక్కు ఋక్కుగా చదివి ఆర్జించుకొన్నది. వారి శిష్యులు కపాలిశాస్త్రిగారు ఆ త్రోవను పట్టుకొని పుదుచ్చేరి అరవిందాశ్రమముననే ‘సిద్ధాంజనము’ అను సంస్కృతభాష్యమును రచించిరి. ఋగ్వేదమున సూక్తములు 1028. ఆ భాష్యము ప్రథమాష్టకమందలి 121 సూక్తములతో నిలిచినది. జీవితకాలపు పరిశ్రమ ఎనిమిదింట ఒక భాగమునకే సరిపోయినదని ఎవరును జాలిపడ నక్కరలేదు. ఆ 121 సూక్తములలో ఒక్క పదమును విచారింపక దాటిపోలేదనుటయే ఆ గ్రంథమునకు గౌరవము.

1955లో ఇచట ఫ్రెంచి ఇన్‌స్టిట్యూటు వెలసెను. జాన్ ఫిలియోజా స్థాపించిన ఆ సంస్థయందును, దానికి తోడుగా పనిచేయు ఫ్రెంచి ప్రాచ్యవిద్యాపరిషత్తునందును సేకరింపబడిన శైవాగమ ప్రతులు దాదాపు 11,000. వానిని 2005లో యునెస్కో ప్రపంచస్మృతి పట్టికలో చేర్చినది. తాళపత్రమును చేతబట్టి చదువ యత్నించినవారికి తెలియును, వేగమను మాటకు అచట తావే లేదని. గంటముతో గీసి మసి పూసిన ఆ పంక్తులలో పదమునకు పదమునకు ఎడముండదు. శ్లోకమెచట ముగిసెనో పలుమారులు ఛందస్సే చెప్పవలెను. లేఖకుని చేతప్పు ఏదో, పాఠాంతరమేదో వేరొక ప్రతితో పోల్చి నిర్ణయింపవలెను. అందుచేతనే అచట సంప్రదాయపండితులును పరిశోధకులును ఒకే బల్లయొద్ద కూర్చుండి వాక్యము వెంట వాక్యము చదువు పద్ధతి స్థిరపడినది. తెలుగు నేలతో ఆ పద్ధతికి నేరుగా సంబంధము కలదు. తిరుపతి రాష్ట్రీయ సంస్కృత విద్యాపీఠము, ఈ రెండు ఫ్రెంచి సంస్థలు కలిసి 2006లో ప్రకటించిన పాణినీయ వ్యాకరణోదాహరణకోశపు తొలి సంపుటమున, వ్యాఖ్యాతలు సూత్రములకు చూపిన ఉదాహరణములు 40,000 మేరకు సమకూర్చబడినవి. ఒక్కొక్క ఉదాహరణము ఏ సూత్రమునకు, ఏ గ్రంథమున చెప్పబడెనో వెదకి కూర్చిన ఆ పండితుల యోర్పు వేగముతో సాధ్యపడునది కాదు.

ఇంత తీరిక మాకెక్కడిదని పాఠకులు అడుగవచ్చును. కాయకష్టముచేతనో ఉద్యోగభారముచేతనో అలసినవారు అడిగినచో ఆ ప్రశ్న గౌరవింపదగినదే. కాని నిదానపఠనమునకు కావలసినది దీర్ఘమైన తీరిక కాదు, చిన్న భాగము. భారతమంతయు చదువవలెనను సంకల్పము భారతమును బీరువాలోనే యుంచును. ఒక్క ఆశ్వాసము చాలును, ఒక్క ఘట్టమైనను చాలును. తెలియని పదమునకు బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరము కలదు. 1885 నుండి అది తెలుగువారి యింట తోడుగానున్నది. వ్యాఖ్యను ముందు చదువరాదు. పద్యముతో కొంతసేపు పెనగులాడి, మన అన్వయమును మనము కూర్చుకొని, పిమ్మట వ్యాఖ్యాతతో సరిచూచుకొనవలెను. వచనభాగములను దాటవేయరాదు, కథాసందర్భము ఎక్కువగా అచటనే యుండును. సాధ్యమైనచో ఒంటరిగా చదువరాదు. ఇద్దరు ముగ్గురు కలిసినచో ఒకరి చెవికి వినబడనిది మరియొకరికి వినబడును. యానాము తెలుగువారును, ఈ పట్టణమున తరములుగా నివసించు తెలుగు కుటుంబములును, తమిళ మిత్రులతో కూర్చుండి నన్నయను కంబనిని ప్రక్కప్రక్కన చదివినచో అది ఈ పట్టణపు సంప్రదాయమునకు తగిన చదువగును.

పాండిత్యభారము క్రింద కావ్యము నలిగిపోవునను భయము కొందరికి కలదు. అదియు నిరాధారము కాదు. అలంకారమునకు పేరు పెట్టినంతనే పని ముగిసెననుకొను వ్యాఖ్యానములు మనకు లేకపోలేదు. అట్టివానిని వ్యాఖ్యాతల యధికారమునకు జంకక ప్రక్కకు నెట్టవలెను. అయితే ఆ నెట్టుటకును మూలమును మనము చదివియుండవలెను గదా! ప్రాచీన కావ్యములను గూర్చి నేడు మనలో భక్తియు పుష్కలముగానున్నది, నిందయు పుష్కలముగానున్నది; రెండును పలుమారులు ఎరువు తెచ్చుకొన్నవే. పద్యమును పదము పదముగా చదివినవాని భక్తి అతని సొంతము. అతని ఆక్షేపణయు అతని సొంతము. అభిప్రాయస్వాతంత్ర్యమును ఇంత చౌకగా, ఇంత నిక్కముగా ప్రసాదించు విద్య మరియొకటి మాకు కనబడదు.

కావున వచ్చు సంచిక మొదలుకొని ఈ పత్రికలో ఒక్క పద్యమునకు రెండు పుటలు కేటాయింప నిశ్చయించితిమి. పద్యము, పదవిభాగము, అన్వయము, సందర్భము, మాకు తోచిన విశేషములు అందుండును. మూడవ పుటను, మా వ్యాఖ్యతో ఏకీభవింపక, పద్యమునే సాక్ష్యముగా నిలిపి వాదించు పాఠకుల లేఖలకు విడిచిపెట్టితిమి. ఆ పుట ఏ నెలయందును ఖాళీగానుండరాదని మా కోరిక.